ఖాళీ గడిలో చేరిన సున్నా

కర్ణాటకలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పావగడలో తాగునీటి పనులు చూసే ఒక ప్రభుత్వ ఆఫీసులో నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. టైపిస్టుగా చేరాను, కంప్యూటర్ ఆపరేటరునయ్యాను, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. అన్నేళ్ల కొలువులో తలెత్తుకుని చెప్పుకోగలిగినవి ఒక తొమ్మిది రోజులున్నాయి. అవి నా తప్పుతోనే మొదలయ్యాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు తప్ప ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మా వీధిలోనే నలుగురైదుగురు పిల్లలు ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీలకు కంప్యూటర్ పని చేస్తున్నారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి, "ఆంటీ, ఈ వారమంతా కొత్త వర్షన్‌కు మార్చే పని, ప్రాణం తీస్తా ఉండారు" అని మొత్తుకుంటే కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. రాసిపెట్టమని ఆ అమ్మాయే అంది.

తొంభైల నడిమి మాట. మా తాలూకాలో అప్పటికి శెనక్కాయ తప్ప వేరే పంట మీద ఎవరికీ ఆశ లేదు. తొలకరికి విత్తడం, ఆకాశం చూడడం, కాయ పట్టకుండానే ఎండిన చెట్టును పీకి ఎద్దులకు వేయడం. మా నాన్న చేను కూడా అంతే. వరుసగా వానలు పోయి చెరువులు పర్రెలు విచ్చాక ఊళ్లకు దిక్కు బోరింగే. చేత్తో కొట్టే పంపును మా వైపు అలా అంటాం. నీళ్లు దొరకడం ఒక కష్టమైతే, దొరికిన నీళ్లు తాగడానికి పనికిరావడం ఇంకో కష్టం. లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనబడే పిల్లలు, నలభై దాటగానే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి వెనక్కి చూసే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ఆ నీళ్లు చూడడానికి అద్దంలా ఉంటాయి, రుచికీ బాగుంటాయి. సీసాలో పట్టి జిల్లా కేంద్రం తుమకూరులోని ల్యాబుకు పంపితే తప్ప మంచిచెడ్డలు తెలియవు.

మా ఆఫీసులో మొదటి కంప్యూటర్ నా చేతికొచ్చింది. టైపు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. డేటాబేస్ ప్యాకేజీ ఒకటి ఇచ్చారు. దాని పేరు చెప్పను, చెప్పినా మీరు వినుండరు. ఇంగ్లీషు పుస్తకం పక్కన పెట్టుకుని, డిక్షనరీ తిరగేసుకుంటూ ఎనిమిది నెలల్లో నాకు నేనే నేర్చుకున్నాను. తాలూకాలోని బోరింగులన్నిటికీ ఒక ప్రోగ్రామ్ రాశాను. బోరింగు నంబరు కొడితే ఊరు, లోతు, తవ్విన సంవత్సరం, ఎన్నిసార్లు రిపేరైంది, నీళ్లలో ఫ్లోరైడు ఎంత, అన్నీ ఒక తెర మీద వచ్చేవి. మా ఇంజనీర్ సారు మైసూరు వైపు మనిషి, పొగడడం తెలియని మనిషి. మొదటిసారి చూసినప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, వరుసగా ముప్పై నంబర్లు కొట్టించుకుని చూశారు. మరుసటి రోజు నా గదికి ఇంకో ఫ్యాను వేయించారు.

నాలుగేళ్లు అది బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్యాకేజీ కొత్త వర్షన్ వచ్చిందనీ, జిల్లాలోని తాలూకాలన్నీ దానికి మారాలనీ, ఆ వేసవికి తాగే బోరింగుల జాబితా కొత్త వర్షన్‌లోనే ఇవ్వాలనీ. పాత వర్షన్ ఫ్లాపీలు ఇక తీసుకోరు. తుమకూరులో రెండు రోజుల ట్రైనింగు. పద్నాలుగు మందిమి వెళ్లాం, అందులో ఆడవాళ్లం ఇద్దరం. అక్కడ మొదటిసారి మౌసు పట్టుకున్నాను. తెర మీద రంగులు, కిటికీలు, బొమ్మలు. మా ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయాలట. డేటా మాత్రం వాళ్లిచ్చే ఫ్లాపీలోని మార్పిడి ప్రోగ్రాము దానంతటదే కొత్త రూపంలోకి మార్చేస్తుందట. ఆ ఫ్లాపీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టి, దుమ్ము పడకుండా ఒళ్లో పెట్టుకుని బస్సులో పావగడ వచ్చాను.

మార్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. తెరలన్నీ మళ్లీ గీశాను. డేటా మార్చిన రోజు మాత్రం కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. అయిపోగానే సరిచూడడం మొదలుపెట్టాను. దీని గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. ట్రైనింగులో ఎవరూ చెప్పని పద్ధతి నాకు నేనే ఆలోచించుకున్నాను. పాతదాంట్లో ఎన్ని బోరింగులో కొత్తదాంట్లోనూ అన్నే ఉండాలి. ఉన్నాయి. పాతదాంట్లో లోతులన్నీ కూడితే ఎంతో కొత్తదాంట్లోనూ అంతే రావాలి. వచ్చింది. ఫ్లోరైడు అంకెలన్నీ కూడాను. దశాంశం తర్వాత అంకెతో సహా సరిపోయింది. ఆ కాగితాలు ప్రింటు తీసి, "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టాను. డిస్కులో జాగా చాలడం లేదని పాతదాన్ని కంప్యూటర్లోంచి తీసేశాను. ఫ్లాపీల్లో కాపీ ఉంది కదా అనుకున్నాను.

పద్నాలుగు మందిలో ముందుగా పూర్తిచేసింది నేనే. జిల్లా ఆఫీసు పెద్ద సారు మా ఇంజనీర్ సారుకు అభినందన ఉత్తరం రాశారు. అందులో "మీ ఆపరేటర్" అని ఒక మాట ఉంది. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆ వేసవి పథకం ఏమిటంటే, జాబితా ప్రకారం తాగదగ్గ బోరింగులకు పచ్చ రంగు, ఫ్లోరైడు ఎక్కువ ఉన్నవాటికి ఎర్ర రంగు వేయాలి. చదువు రానివాళ్లు కూడా చూడగానే తెలుసుకునేలా. మంచి ఆలోచన. మా మెకానిక్ అన్న రెండు డబ్బాలు, బ్రష్షులు జీపులో వేసుకుని బయల్దేరాడు. ఆయన గురించి చెప్పాలి. తాలూకాలో ఆయన చేయి పడని బోరింగు లేదు. హ్యాండిలు రెండుసార్లు కొట్టి, లోపల ఎన్నో రాడ్డు దగ్గర వాషరు అరిగిందో చెప్పేవాడు. కంప్యూటరంటే ఆయనకు భయమూ లేదు, భక్తీ లేదు. నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, నీ డబ్బా ఏం జెప్తా ఉండాది ఈ పొద్దు?" అని అడిగేవాడు.

మూడో రోజు పొద్దున ఆయన రంగు డబ్బాలు దించకుండానే జాబితా పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, ఇది జూడు. ఆంధ్రా బార్డరు పక్క ఊరిది, బడి ఎనక బోరింగు. దీనికి పచ్చ అని రాసిండారని నిన్న పూసొచ్చినా."

"అవునన్నా. హద్దు కంటే తక్కువే ఉంది."

"యాడుండాది తక్కువ? అది తవ్వి మూడు నెల్లు కూడా కాలే. నేనే బిగిచ్చినా. దాని నీళ్లు సీసాకు పట్టినోడు ఎవుడూ లేడు. ల్యాబుకే పోనిదానికి నెంబరు ఎట్ల వచ్చినాది?"

నవ్వుతూ నంబరు కొట్టాను, చూపిద్దామని. ఫ్లోరైడు గడిలో సున్నా ఉంది. సున్నా, దశాంశ చుక్క, మళ్లీ సున్నా.

మా నేలలో ఏ బోరులోనూ ల్యాబు సున్నా ఇవ్వదు. ఎంతో కొంత ఉండి తీరుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా కంటికి ఆనలేదు. అలమారలోంచి పాత ఫ్లాపీలు తీశాను. మొదటిది చదవనని మొరాయించింది. రెండో కాపీ తెరుచుకుంది. పాత ప్యాకేజీని ఫ్లాపీ మీంచే నడిపి అదే నంబరు కొట్టాను. నల్ల తెర మీద ఊరు, లోతు, తవ్విన ఏడు, అన్నీ ఉన్నాయి. ఫ్లోరైడు గడి ఖాళీ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్తాను, ఇదే అసలు సంగతి కాబట్టి. పరీక్ష కాని బోరింగుకు నేను ఆ గడి ఖాళీగా వదిలేదాన్ని. పాత ప్రోగ్రాములో జాబితా తీసేటప్పుడు ఖాళీవాటిని వదిలెయ్యమని ఒక వరుస రాసుకున్నాను. మార్పిడి ప్రోగ్రాము ఖాళీలన్నిటినీ సున్నాలుగా మార్చేసింది. నేనేమో కొత్తదాంట్లో మౌసుతో టకటకా నొక్కి, "హద్దు కంటే తక్కువ ఉన్నవన్నీ" అని అడిగాను. సున్నా కంటే తక్కువ ఇంకేముంటుంది? పరీక్షే చెయ్యని బోరింగులన్నీ అన్నిటికంటే మంచివై జాబితా తలమీదకెక్కి కూర్చున్నాయి. మరి నా కూడికలు ఎందుకు పట్టుకోలేదు? ఖాళీని కూడినా, సున్నాని కూడినా మొత్తం మారదు. నేను ఏ పద్ధతి చూసుకుని మురిసిపోయానో, ఆ పద్ధతికి కనబడని తప్పు ఒకటుంది. అదే జరిగింది.

కరువు పనుల కింద ఆ ఏడాది హడావిడిగా తవ్విన కొత్త బోర్లు చాలా ఉన్నాయి. పరీక్ష కానివి ఎక్కువ అవే. కొత్తవి కాబట్టి అన్నిటికంటే లోతు కూడా వాటికే.

పక్క గదిలో మా పెద్ద గుమాస్తా ఉండేవారు. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న మనిషి, నన్ను కూతురిలా చూసేవారు. మెకానిక్ అన్నతో కలిసి వెళ్లి మొదట ఆయనకే చెప్పాను. విని, తలుపు దగ్గరగా వేశారు.

"ఏమ్మా, ఇది నీకు, వానికి తప్ప ఎవురికన్నా తెలుసునా?"

"తెలీదు సార్."

"అయితే గమ్మునుండు. జాబితా పోయినాది, మెప్పు ఉత్తరం కూడా వచ్చినాది. ఇప్పుడు పోయి తప్పంటే నీకు నోటీసు, సారుకు మాట. వచ్చే నెల రిపోర్టులో సర్దేద్దాం. కాగితం మీద కాగితం పోతే ఎవురూ అడగరు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆఫీసులో ముప్పై ఏళ్లు బతికిన మనిషి చెప్పే మాట అది. నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నప్పుడు నా గుండె కాస్త కుదుటపడింది. వచ్చే నెల. ఒక్క నెలే కదా అనిపించింది. మెకానిక్ అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎవరినీ తప్పుపట్టకుండా, లెక్క అడిగినట్టు అడిగాడు.

"ఈ నెలంతా తాగుతారు గదప్పా?"

నేను లేచి, జాబితా, పాత ఫ్లాపీ, నా సంతకం ఉన్న కాగితాలు తీసుకుని ఇంజనీర్ సారు గదికి వెళ్లాను. పదిహేను అడుగులు ఉంటుందేమో ఆ వరండా. నాకు పెళ్లయి అప్పటికి ఆరేళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. టైపు సీటుకు వెనక్కి పంపేస్తారనే అనుకున్నాను.

సారు కన్నడంలోనే మాట్లాడేవారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నేను చెప్పినంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నారు. తర్వాత ఒక్కొక్కటే అడిగారు.

"ఇప్పటికి ఎన్నిటికి పచ్చ వేశారు, పరీక్ష కానివాటికి?"

"పంతొమ్మిది సార్."

"సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"కంప్యూటర్లో పది నిమిషాలు సార్. సున్నాలన్నీ తీసేస్తే చాలు. మన దగ్గర నిజం సున్నా ఒక్కటీ ఉండదు."

"సరిచూశానని సంతకం పెట్టావు."

"పెట్టాను సార్."

ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చూశారు. నా సంతకం కింద ఆయనది ఉంది. "నేనూ పెట్టాను" అన్నారు. ఫోను దగ్గరకు లాక్కుని జిల్లా ఆఫీసుకు ట్రంక్ కాల్ బుక్ చేశారు.

లైను కలవడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నేను ఆయన ఎదుట కూర్చునే ఉన్నాను. ఆయన వేరే ఫైళ్లు చూసుకున్నారు. కలిశాక పెద్ద సారు గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా ఉంది. అభినందన ఉత్తరం రాసిన మూడు వారాలకే ఈ మాట వినడం ఆయనకెలా ఉంటుంది మరి. ఉన్నట్టుండి మా సారు రిసీవరు నా చేతికిచ్చారు. "నిన్నే చెప్పమంటున్నారు."

నేను అంత పెద్ద అధికారితో మాట్లాడడం అదే మొదలు. కన్నడంలో మొదలుపెట్టాను. ఖాళీ గురించి, సున్నా గురించి, కూడికల గురించి చెప్పాను. ఆయన మధ్యలోనే, "మీ పావగడలో జరిగిన పొరపాటుకు జిల్లా జాబితా అంతా ఆపాలా?" అని అడిగారు.

"సార్, అందరికీ ఇచ్చింది ఒకే ఫ్లాపీ సార్" అన్నాను.

ఆ మాటకు ఆయన గొంతు మారింది. "మిగతా తాలూకాల వాళ్లు ఎలా చూసుకోవాలో చెప్పు. నేను రాసుకుంటున్నాను" అన్నారు. చెప్పాను. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను, ఆయన రాసుకున్నారు. నా ఉద్యోగంలో అంతకుముందు డిక్టేషన్ తీసుకున్నదాన్నే తప్ప ఎవరికీ ఇచ్చినదాన్ని కాదు.

సాయంత్రంలోపల జిల్లాలో రంగు వేసే పని ఆగిపోయింది. తర్వాత తెలిసింది, మరో ఐదు తాలూకాల జాబితాల్లోనూ సున్నాలే పైన ఉన్నాయట.

మరుసటి రోజు నేనూ జీపెక్కాను. ఎక్కమని ఎవరూ చెప్పలేదు. నాకు ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు, అంతే. మొదట ఆ బార్డరు పక్క ఊరికే వెళ్లాం. మెకానిక్ అన్న బడి వెనక బోరింగు దగ్గర ఎర్ర డబ్బా మూత తీస్తుండగానే ఆడవాళ్లు చేరారు. ముందు నిలబడిన ఆవిడ నడుము వంగిపోయి ఉంది. మెడ తిరగదు. నన్ను చూడడానికి ఒళ్లంతా నా వైపు తిప్పింది. యాభై కూడా ఉండవేమో.

"ఏందమ్మా ఇది? మొన్న పచ్చ పూసి తాగండ్రీ తాగండ్రీ అంటిరి. ఈ పొద్దు ఎర్ర పూస్తా ఉండారు. ఆ చెరువు కట్ట కాడి బాయికి పోయి తెచ్చేది ఇడిసిపెట్టినాం మీ మాట యిని. యాదో ఒగటి నిజం జెప్పండి."

ఆఫీసు భాషలో ఒక జవాబు నా నోటి దాకా వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల అని. అది మింగేశాను.

"అక్కా, నిజమేందంటే, ఈ నీళ్లు మంచివో చెడ్డవో మాకు తెలీదు. ఎవురూ పరీక్ష చేయలేదు. తెలీదని చెప్పాల్సింది, బాగుండాయని చెప్పినాం. ఆ పట్టీ తీసింది నేనే. తప్పు నాదే."

ఆవిడ ఎర్ర డబ్బా వైపు చెయ్యి చూపించింది. "తెలీకపోతే మరి ఎర్ర ఎందుకు పూస్తారు? ఎర్ర అంటే చెడ్డవని గదా?"

ఎర్ర వేస్తే అది కూడా అబద్ధమే. మంచివని తేలితే ఆ ఊరివాళ్లు ఊరికే ఎండలో రెండు మైళ్లు నడిచినవాళ్లవుతారు. మాకున్నవి రెండు రంగులు. తెలియదు అని చెప్పే రంగు ఏదీ మా దగ్గర లేదు. కంప్యూటర్లో నేను చేసిన తప్పూ సరిగ్గా అదే కదా అని అప్పుడు తట్టింది.

"అన్నా, జీపులో ఇంకేం ఉండాది?" అని అడిగాను.

"సున్నం ఉండాది. ట్యాంకు గోడకు కొట్టేకి తెచ్చినా."

"అదే కొట్టు."

ఆయన పచ్చ మీద తెల్లగా సున్నం కొట్టాడు. నేను ఆ ఆడవాళ్లకు చెప్పాను: పచ్చ అంటే తాగొచ్చు, ఎర్ర అంటే తాగకూడదు, తెలుపంటే ఇంకా పరీక్ష కాలేదు, ఫలితం వచ్చేదాకా వాడకానికే, తాగడానికి వద్దు. సీసా తీసి వాళ్ల ఎదుటే నీళ్లు పట్టాను. మూడు వారాల్లో ఫలితం తెచ్చి చెప్తానన్నాను. "నువ్వే రావాల" అంది ఆవిడ. సరేనన్నాను.

జీపు కదిలాక మెకానిక్ అన్న పెద్దగా నవ్వాడు. "సున్నా పాయె, సున్నం వచ్చె. నీ డబ్బాకు కూడా ఇంత కొట్టమ్మా." ముందురోజు పొద్దుటి తర్వాత నేను నవ్వడం అదే.

మిగతా వారమంతా తిరిగాం. పంతొమ్మిదీ తెల్లబడ్డాయి. ఎక్కడికక్కడ అదే మాట చెప్పాను. మూడో ఊరికి ఆ మాట తడుముకోకుండా వచ్చింది. ఒక ఊళ్లో తిట్టారు. ఒక ఊళ్లో కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. తిట్టినవాళ్ల దగ్గరే నాకు తేలిగ్గా అనిపించింది. ఆఫీసులో మా పెద్ద గుమాస్తా నాతో రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు నేను ఊళ్లనుంచి వచ్చేసరికి టేబులు మీద సీసాలన్నీ వరుసగా పెట్టి, ఒక్కోదానికి ముత్యాల్లాంటి కన్నడ అక్షరాలతో ఊరి పేరు, నంబరు రాసి అంటిస్తున్నారు. "నీ ప్రింటరు చీటీ తడి తగిలితే చెరిగిపోతాది. నా ఇండియన్ ఇంకు పోదు" అన్నారు, తలెత్తకుండా.

జీపు లేని పూట కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సున్నాలు తీసెయ్యడం పది నిమిషాల పనే, కానీ అంతటితో నాకు తృప్తి కలగలేదు. గడి ఖాళీగా వదిలితే రేపు ఇంకో వర్షన్ వస్తుంది, ఇంకో ఫ్లాపీ వస్తుంది. అందుకని పక్కన కొత్త గడి ఒకటి చేర్చాను: పరీక్ష అయిందా, లేదా. ఆ రెండిట్లో ఒకటి నొక్కకపోతే తెర ముందుకు పోదు. లేదు అని నొక్కితే అంకె వెయ్యనివ్వదు. అవును అని నొక్కితే ల్యాబు చీటీ నంబరు అడుగుతుంది. జాబితా మూడు భాగాలుగా వచ్చేట్టు రాశాను, మూడో భాగం తెలుపు. తప్పు బయటపడిన తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి కొత్త జాబితా ప్రింటరులోంచి వచ్చింది. ఈసారి కూడికలు చూసి ఊరుకోలేదు. ఒక్కో వరుసా మెకానిక్ అన్న ఎదుట చదివాను. ఆయన కళ్లు మూసుకుని వింటూ, "ఊ... ఊ... అది సరి... దాని సీసా పోయినేడు పోయినాది... ఊ" అంటూ చివరిదాకా తలాడించాడు. సంతకం పెట్టే చోట ఆయన పేరు కూడా టైపు చేశాను. ఇంజనీర్ సారు చూసి, మెకానిక్ సంతకం ఇలాంటి కాగితం మీద ఉండదు అన్నారు. నేను కదలలేదు. ఆయన తన సంతకం దాని పక్కన పెట్టారు.

ఫలితాలు వచ్చాక మాట ప్రకారం ఆ ఊరికి వెళ్లాను. ఆవిడ బోరింగు నీళ్లలో హద్దుకు రెండింతలు ఉంది. చెప్తే ఆవిడ తల ఊపలేదు, ఆ మెడతో ఊపడం కుదరదు కూడా. "ఇప్పుడు ఎర్ర పూయండి" అంది. మనవరాలిని పిలిచి, చెరువు కట్ట వైపు చెయ్యి చూపించింది. పరీక్షకు పంపిన పంతొమ్మిదిలో పదకొండు ఎర్రవయ్యాయి. ఎనిమిది నిజంగానే పచ్చవి. ఆ ఎనిమిది ఊళ్లకు రంగు మార్చడానికి వెళ్లినప్పుడు మాత్రం బ్రష్షు నేనే అడిగి తీసుకున్నాను.

నాకు నోటీసు వచ్చింది. సరిచూడకుండా సంతకం పెట్టినందుకు వివరణ ఇమ్మని. ఇచ్చాను, హెచ్చరికతో వదిలేశారు. అదే నెలలో జిల్లా అంతటికీ ఇంకో ఉత్తర్వు వచ్చింది: పరీక్ష కాని బోరింగులకు తెలుపు వెయ్యాలనీ, కంప్యూటర్లో అలాంటి గడి అన్ని తాలూకాలూ చేర్చాలనీ. అందులో నా పేరు లేదు, పావగడ పేరు కూడా లేదు. ఆ ఉత్తర్వు కాపీ, నా నోటీసు కాపీ ఒకే ఫైల్లో ఒకదాని వెనక ఒకటి కుట్టి ఉండేవి. రిటైరయ్యేదాకా ఆ ఫైలు నా అలమారలోనే పెట్టుకున్నాను.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆ దశాబ్దం చివర్లో మళ్లీ ఒక పెద్ద మార్పిడి వచ్చింది. ఈసారి తాలూకాల డేటా అంతా తుమకూరులో ఒకేచోట పెడతామన్నారు. బెంగళూరు నుంచి కంపెనీ వాళ్లు వచ్చారు, పెద్ద హాలు, గోడ మీద బొమ్మలు, ఇంగ్లీషులో ఉపన్యాసం. అందరూ రాసుకుంటున్నారు. ఏమైనా సందేహాలున్నాయా అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. నా ఇంగ్లీషు ఏమంత గొప్పది కాదు.

"సార్, ఖాళీ గడులు ఏమవుతాయి?"

ఉపన్యాసం ఇచ్చినాయన నవ్వారు. ఏదో చెప్పబోయి ఆగారు. పక్కనున్న ఆయనను చూశారు. ఆయన ఇంకొకాయనను చూశారు. "చూసి చెప్తాం మేడమ్" అన్నారు.

చూసి చెప్పడానికి వాళ్లకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ జిల్లా మొత్తం డేటా మార్పిడి ఆపి ఉంచారు. నేను హాలు బయట మెట్ల మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న శెనక్కాయలు వలుచుకు తింటూ, తీరిగ్గా ఎదురుచూశాను.